డిగ్రీ అయ్యాక పీజీ సీటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పీజీ ప్రవేశాల గురించే. మార్కులు చాలక సీటు పోవడం ఒక ఎత్తు. మార్కులుండీ ఒక కాగితం లేకనో, తేదీ దాటిపోయో, ఆప్షన్ల వరుస తప్పో సీటు పోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోది పూర్తిగా మన చేతుల్లో ఉంది కాబట్టి దాని మీదే ఎక్కువ వివరంగా రాస్తున్నాం. ఇక్కడిచ్చిన అంకెలు ఇటీవలి నోటిఫికేషన్ల ప్రకారం ఉన్నవి. దరఖాస్తు పెట్టేముందు మీ ఏడాది నోటిఫికేషన్‌ను పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

ప్రశ్న: బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మెయిన్ కెమిస్ట్రీ. మా చుట్టుపక్కల యూనివర్సిటీల్లో ఎమ్మెస్సీకి ఒక్కోదానికి ఒక్కో పరీక్ష రాయాలా? ఎప్పటి నుంచి తయారవ్వాలి?
— ఒక విద్యార్థిని, ఆదోని

అక్కర్లేదు. 2021కి ముందు అనంతపురం శ్రీకృష్ణదేవరాయకు ఒక పరీక్ష, కడప యోగి వేమనకు ఇంకో పరీక్ష అన్నట్టు ఉండేది. 2021 నుంచి రాష్ట్ర విశ్వవిద్యాలయాలన్నిటికీ కలిపి ఏపీ పీజీసెట్ ఒక్కటే. మొదటి పీజీసెట్‌ను నిర్వహించింది కడప యోగి వేమన విశ్వవిద్యాలయమే. కర్నూలు రాయలసీమ యూనివర్సిటీ, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, వాటి అనుబంధ కాలేజీలు, తిరుపతి, విశాఖ కూడా ఆ ర్యాంకుతోనే. ప్రశ్నలు 100, మార్కులు 100, సమయం 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు. అంటే ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు.

దరఖాస్తులో టెస్ట్ పేపర్ ఎంచుకునేచోట జాగ్రత్త. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో ఎన్ని బ్రాంచీలున్నా కెమికల్ సైన్సెస్ పేపర్ ఒకటే. బోటనీ, జువాలజీ లాంటివన్నీ లైఫ్ సైన్సెస్ పేపర్ కిందికి వస్తాయి. మీకు కెమిస్ట్రీ సీటు కావాలని ఉండి లైఫ్ సైన్సెస్ ఒక్కటే రాస్తే, ఆ ర్యాంకు ఎంత మంచిదైనా కెమిస్ట్రీకి పనికిరాదు. రెండిటికీ అర్హత ఉండి ఎటూ తేల్చుకోలేకపోతే రెండు పేపర్లకూ ఫీజు కట్టి రాయడమే మేలు.

అనంతపురంలో 2018లో మొదలైన సెంట్రల్ యూనివర్సిటీ దారి వేరు. దానికి జాతీయ స్థాయిలో జరిగే సీయూఈటీ పీజీ రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి కూడా ఆ స్కోరే. అందులో 75 ప్రశ్నలు, ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత, సమయం 90 నిమిషాలు. నాలుగు ఆప్షన్లలో కనీసం ఒకటో రెండో తప్పని తేల్చుకోగలిగితే జవాబు పెట్టేయండి. ఏమీ తెలియని ప్రశ్న దగ్గర నిమిషాలు పోగొట్టుకోవద్దు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సీయూఈటీ స్కోరు రాగానే సీటు దానంతట అదే వస్తుందని ఊరుకుంటారు. స్కోరు వచ్చాక మీరు కోరుకునే ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైటులోనూ విడివిడిగా మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి. అది చేయకపోతే మీ స్కోరు ఆ యూనివర్సిటీ జాబితాలోకే రాదు.

తేదీల విషయానికొస్తే, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష దరఖాస్తు సెప్టెంబరు, అక్టోబరుల్లో ముగిసిపోతుంది, పరీక్ష ఫిబ్రవరిలో. సీయూఈటీ దరఖాస్తు దాదాపు డిసెంబరు, జనవరుల్లో, పరీక్ష మార్చిలో. పీజీసెట్ వీటన్నిటి తర్వాత, ఎండాకాలంలో వస్తుంది. మన కాలేజీల్లో పీజీ గురించి మాట పుట్టేది పీజీసెట్ నోటిఫికేషన్ వచ్చాకే. అప్పటికి మొదటి రెండు తలుపులూ మూసుకుపోయి ఉంటాయి. మీరు ఐదో సెమిస్టర్ మొదలవగానే జామ్ నోటిఫికేషన్ చూడండి. కెమిస్ట్రీ బాగా వచ్చిన పిల్లలకు అది అందనిదేమీ కాదు.

ప్రశ్న: మా పాప ఇంటర్ వరకు హిందూపురంలోనే చదివింది. డిగ్రీకి బెంగళూరు పంపినాము. ఇప్పుడు అనంతపురంలో పీజీ చేస్తానంటోంది. లోకల్ కింద వస్తుందా? మేము పుట్టి పెరిగింది ఇక్కడే, ఆధార్, రేషన్ కార్డు అన్నీ ఇక్కడివే.
— ఒక తండ్రి, హిందూపురం

లోకల్ కింద రాదండీ. సరిహద్దు ఊళ్లవాళ్లకు ఈ సంగతి కౌన్సెలింగ్ దగ్గరే తెలుస్తుంది, అందుకే పూర్తిగా చెబుతాం.

విద్యాసంస్థల ప్రవేశాల్లో స్థానికత అంటే సొంతూరు కాదు, చదివిన చోటు. రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు దీనికి ఆధారం. దాని ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు, మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడ్. ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు కలిపి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. మిగతా కోస్తా అంతా ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం.

మొదటి లెక్క నాలుగేళ్లది. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. పీజీకి అర్హత పరీక్ష డిగ్రీ. కాబట్టి మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లకు ఆ మూడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం కలిపి నాలుగు. ఈ లెక్క కుదరకపోతే రెండోది ఏడేళ్లది. తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ లోకల్. రెండు చోట్లా సమానమైతే చివర చదివిన చోటు లెక్క. ఉదాహరణకు ఒక కుర్రాడు తొమ్మిది నుంచి ఇంటర్ దాకా కడపలో, డిగ్రీ విజయవాడలో చదివాడనుకోండి. కడప వైపు నాలుగేళ్లు, విజయవాడ వైపు మూడేళ్లు. అతను మన ప్రాంతానికే లోకల్. డిగ్రీ తిరుపతిలోనో నెల్లూరులోనో చదివినవాళ్లకు అసలు ఇబ్బందే లేదు, అదంతా ఒకే ప్రాంతం.

మీ పాప విషయంలో డిగ్రీ మూడేళ్లూ వేరే రాష్ట్రంలో గడిచాయి. నాలుగేళ్ల లెక్కా కుదరదు, ఏడేళ్ల లెక్కా కుదరదు. ఆధార్, రేషన్ కార్డు చూపించినా ఇది మారదు. చదువు మానేసి ఇంట్లో ఉన్నవాళ్లకు, ప్రైవేటుగా కట్టి రాసినవాళ్లకు నివాస ధ్రువపత్రం పనికొస్తుంది. రెగ్యులర్ కాలేజీలో చదివినవాళ్లకు అది చదివిన చోటును మార్చదు.

అలాగని దారి మూసుకుపోలేదు. మిగిలిన 15 శాతం సీట్లకు ఆమె పోటీ పడొచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే చాలు. బయట ఉద్యోగం చేసిన కాలాన్ని ఇందులో కలపరు. మీ పేరున పదేళ్ల నివాస ధ్రువపత్రాన్ని గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు నుంచి తీసుకోండి. కౌన్సెలింగ్ తేదీలు ప్రకటించాక మొదలుపెడితే రోజులు చాలవు. ఇప్పుడే పెట్టేయండి. ఆ 15 శాతంలో లోకల్ పిల్లలు కూడా మెరిట్‌తో పోటీ పడతారు కాబట్టి మీ పాపకు ర్యాంకు బాగా ముందుండాలి. కులాల రిజర్వేషన్ ఆ సీట్లకూ వర్తిస్తుంది.

దీంతోపాటు సీయూఈటీ కూడా రాయించండి. సెంట్రల్ యూనివర్సిటీలో ఈ లోకల్, నాన్‌లోకల్ ప్రసక్తే లేదు. మీ పాప పరిస్థితికి అదే సూటి దారి అని మా అభిప్రాయం.

ప్రశ్న: మాకు ఎనిమిది ఎకరాల మెట్ట చేను ఉంది. వాన పడితేనే పంట, ఏడాదికి లక్ష కూడా మిగలదు. ఓసీ. మా తమ్ముడికి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్‌తో సెంట్రల్ యూనివర్సిటీలో పెట్టుకోవచ్చా? మా మిత్రుడు బీసీ-బి, అతని సర్టిఫికెట్ సరిపోతుందా?
— ప్రొద్దుటూరు దగ్గరి పల్లె నుంచి ఒక అన్న

కేంద్రం పెట్టిన ఈడబ్ల్యూఎస్ (వేరే రిజర్వేషన్ లేని పేద కుటుంబాల కోటా) నిబంధనలో కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండటం ఒక షరతు మాత్రమే. కుటుంబానికి 5 ఎకరాలు, ఆపైన సాగుభూమి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా అర్హత లేదు. మాగాణి, మెట్ట అనే తేడా అందులో లేదు. సీమలో ఎనిమిదెకరాల మెట్ట అంటే ఎంత కష్టమో తెలిసినవాళ్లకు ఇది అన్యాయంగానే తోస్తుంది, నిబంధన మాత్రం అలాగే ఉంది. అయితే కుటుంబం అంటే ఎవరెవరో చూసుకోండి: దరఖాస్తుదారు, తల్లిదండ్రులు, 18 ఏళ్ల లోపు తోబుట్టువులు, పెళ్లయితే భార్య లేదా భర్త, 18 లోపు పిల్లలు. పాస్‌బుక్‌లు ఎవరి పేరున ఎన్నెకరాలు ఉన్నాయో ముందు తీసి చూడండి. భూమి తాత పేరునో, పెద్దవాడైన అన్న పేరునో ఉంటే లెక్క మారుతుంది. ఉన్న వాస్తవాన్నే చూపండి, సర్టిఫికెట్ కోసం పేర్లు మార్చే పనికి పోవద్దు.

ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ అంతకుముందు ఆర్థిక సంవత్సరపు ఆదాయం మీద ఇస్తారు. అందుకే జనవరిలో సీయూఈటీ దరఖాస్తుకు వాడిన కాగితం జులైలో ప్రవేశానికి చెల్లకపోవచ్చు. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసుకోవాలి.

మీ మిత్రుడికి: రాష్ట్ర బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో నేరుగా పనికిరాదు. అక్కడ అడిగేది కేంద్ర నమూనాలో ఉన్న ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న శ్రేణి కిందికి రారని చెప్పే కాగితం. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైటులో మన రాష్ట్రం జాబితా తెరిచి, అక్షరం కూడా తేడా లేకుండా కులం పేరు చూసుకోవాలి. క్రీమీలేయర్ ఆదాయ పరీక్షలో జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఈ సంగతి తెలియక సేద్యం చేసే కుటుంబాలు, చిన్న ఉద్యోగుల కుటుంబాలు తమకు రాదనుకుని జనరల్‌లో పెట్టేస్తున్నాయి.

ప్రశ్న: ఐదో సెమిస్టర్‌లో ఒక పేపరు పోయింది. పీజీసెట్ రాయొచ్చా?
— ఒక విద్యార్థి, కదిరి

రాయొచ్చు, ర్యాంకూ వస్తుంది. కానీ సర్టిఫికెట్ల పరిశీలన నాటికి అన్ని పేపర్లూ పాసై ఉండాలి. ఒక్కటి మిగిలినా సీటు ఇవ్వరు. ముందు ఆ పేపరుకు రీవాల్యుయేషన్ పెట్టండి, ఫలితాల తర్వాత దానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. దాని ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు, రెండూ చేయండి. చివరి సంవత్సరం వాళ్లకు ఇన్‌స్టంట్ పరీక్ష (తప్పిన పేపరుకు ఫలితాలు రాగానే పెట్టే పరీక్ష) పెడుతున్నారేమో మీ కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌లో కనుక్కోండి.

ప్రశ్న: నాకు సీజీపీఏ 5.2. దరఖాస్తులో శాతం అడుగుతున్నారు. పదితో గుణిస్తే సరిపోతుందా?
— ఎమ్మిగనూరు

అన్ని యూనివర్సిటీలూ ఒకే లెక్క వాడవు. కొన్ని నేరుగా పదితో గుణిస్తాయి, కొన్ని ముందు 0.5 గానీ 0.75 గానీ తీసేసి ఆపైన గుణిస్తాయి. మీ 5.2 మొదటి పద్ధతిలో 52 శాతం, రెండో పద్ధతిలో 47, మూడో దాంట్లో 44.5. కోర్సుకు 50 శాతం కావాలన్నప్పుడు మీరు లోపల ఉన్నారా బయట ఉన్నారా అన్నది ఈ లెక్క మీదే తేలుతుంది. సూత్రం చాలావరకు మార్కుల మెమో వెనకే అచ్చయి ఉంటుంది. లేకపోతే యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. మీకు అనుకూలమైన సూత్రం మీరే ఎంచుకుని వేస్తే, పరిశీలనలో తప్పు సమాచారం కింద తీసేస్తారు. ఇంకొకటి, కొన్ని కోర్సులకు భాషల మార్కులు పక్కన పెట్టి సబ్జెక్టు మార్కులే చూస్తారు. నోటిఫికేషన్‌లో ఆ కోర్సు ఎదుట ఏముందో చదవండి.

ప్రశ్న: పీజీసెట్‌లో ర్యాంకు పర్వాలేదు. పోయినసారి మా సీనియర్‌కు నాకంటే మంచి ర్యాంకు వచ్చినా సీటే రాలేదు. వెబ్ ఆప్షన్లు ఎట్లా పెట్టాలి?
— ఒక విద్యార్థిని, జమ్మలమడుగు

కంప్యూటర్ చేసే పని సులువు. ర్యాంకు వరుసలో మీ వంతు రాగానే మీ ఆప్షన్ల జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది. ఎక్కడ సీటు ఖాళీగా కనబడితే అక్కడ ఆగిపోతుంది. కిందివాటిని ఇక చూడదు. కాబట్టి రాదనిపించిన మంచి సీటును పైన పెట్టడం వల్ల నష్టం లేదు. దక్కకపోతే తర్వాతి దానికి దిగుతుంది, అంతే. నష్టమంతా రెండు చోట్ల. ఒకటి, రెండో మూడో ఆప్షన్లు పెట్టి ఊరుకోవడం. అవి నిండిపోతే మీకు ఏదీ రాదు. మీ సీనియర్‌కు జరిగింది ఇదే అయి ఉండొచ్చు. రెండు, చేరే ఉద్దేశం లేని కాలేజీని పైన పెట్టడం. అది వచ్చేసిందంటే కింద ఉన్న మీకు నచ్చిన సీటు ఆ విడతలో పోయినట్టే.

ముందు కాగితం మీద రాసుకోండి. మొదట యూనివర్సిటీ క్యాంపస్ రెగ్యులర్ సీట్లు, తర్వాత ప్రభుత్వ కాలేజీలు, ఆ తర్వాతే ప్రైవేటువి. ల్యాబ్, లైబ్రరీ, హాస్టల్ దృష్ట్యా మేము ఈ వరుసే చెబుతాం. ఒకే క్యాంపస్‌లో ఒకే కోర్సుకు రెగ్యులర్, సెల్ఫ్ ఫైనాన్స్ (ఖర్చంతా విద్యార్థుల ఫీజుతోనే నడిచేవి) అని రెండు రకాల సీట్లు ఉంటాయి. ఫీజులో చాలా తేడా ఉంటుంది, కోర్సు కోడ్ చూసి గానీ తెలియదు. ప్రైవేటు కాలేజీ పెట్టేముందు ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి తేల్చుకోండి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల పీజీ విద్యార్థులకు దాన్ని ఆపేసింది. మీరు చేరే ఏడాది ఏ ఉత్తర్వు అమల్లో ఉందో అడిగి, రాతపూర్వకంగా చూసుకునే ఆప్షన్ పెట్టండి. కాలేజీ పీఆర్వో నోటి మాట చాలదు.

నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయించేటప్పుడు ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. పని త్వరగా అవుతుందని నిర్వాహకులు తమ నంబరు కొట్టేయడం మామూలైపోయింది. తర్వాత ఆప్షన్లు మార్చుకోవాలన్నప్పుడు ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది, అతను దొరకడు. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఆప్షన్లు సేవ్ చేశాక ప్రింట్ తీసి ఒక్కో గీతా చదవండి.

సీటు వచ్చాక ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి, అంటే సీటు తీసుకుంటున్నట్టు నమోదు చేయాలి, గడువులోపు కాలేజీకి వెళ్లి చేరాలి. రెండిట్లో ఏది తప్పినా సీటు రద్దు. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు పెట్టి కొత్త సీటు తెచ్చుకుంటే పాతది దానంతట అదే పోతుంది, వెనక్కి రాదు. పాత సీటు నచ్చితే రెండో విడత జోలికి పోవద్దు.

ప్రశ్న: ఒక కాలేజీలో చేరి ఫీజు కట్టాను. ఇప్పుడు క్యాంపస్‌లో సీటు వచ్చింది. ఒరిజినల్స్ ఇవ్వం, ఫీజు రాదు అంటున్నారు.
— కర్నూలు

ఆ రెండు మాటలూ నిబంధనకు విరుద్ధం. 2018 అక్టోబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఒరిజినల్ సర్టిఫికెట్లు పరిశీలించి అప్పుడే తిరిగి ఇవ్వాలి, తమ దగ్గర పెట్టుకోకూడదు. ఫీజు వాపసుకు ప్రవేశాల చివరి తేదీ కొలమానం. ఆ తేదీ ఆగస్టు 31 అనుకుందాం. ఆగస్టు 16 లోపు రద్దు చేసుకుంటే మొత్తం తిరిగి ఇవ్వాలి, అందులో 5 శాతం గానీ 5,000 రూపాయలు గానీ ఏది తక్కువైతే అది మాత్రం ఖర్చుల కింద తీసుకోవచ్చు. ఆగస్టు 20న అయితే 90 శాతం, సెప్టెంబరు 10న అయితే 80, సెప్టెంబరు 25న అయితే 50. నెల దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ (చేరేటప్పుడు పూచీగా కట్టించుకునే సొమ్ము) మాత్రం ఎప్పుడైనా పూర్తిగా ఇవ్వాలి.

నోటితో అడగొద్దు. తేదీ వేసి దరఖాస్తు రాసి, నకలు మీద కాలేజీ ముద్ర, సంతకం తీసుకోండి. ముద్ర వేయకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ రోజు నుంచి లెక్క మొదలవుతుంది. 15 రోజుల్లో డబ్బు రాకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో రసీదు, దరఖాస్తు నకలు జతచేసి ఫిర్యాదు పెట్టండి.

ప్రశ్న: నాలుగో సంవత్సరం ఆనర్స్ చేస్తే పీజీ ఒక్క ఏడాదే అంటున్నారు. చేయమంటారా?
— ఒక విద్యార్థి, గుత్తి

2024లో యూజీసీ ఇచ్చిన పీజీ ఫ్రేమ్‌వర్క్‌లో అలా ఉంది. మూడేళ్ల డిగ్రీకి రెండేళ్ల పీజీ, నాలుగేళ్ల ఆనర్స్‌కు ఏడాది పీజీ. అయితే ఆ ఏడాది కోర్సును యూనివర్సిటీ మొదలుపెడితేనే మీరు చేరగలిగేది. మీకు కావలసిన సబ్జెక్టులో, మీరు వెళ్లగలిగిన చోట ఆ కోర్సుకు నోటిఫికేషన్ ఉందో లేదో చూసుకోకుండా నాలుగో ఏడాదిలో చేరితే, ఆనర్స్ చేసి కూడా రెండేళ్ల పీజీ చేయాల్సి రావచ్చు.

పీహెచ్‌డీ మీద మనసున్నవాళ్లకు మాత్రం ఆనర్స్‌కు వేరే విలువ ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం వస్తే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. రిజర్వుడ్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. 2024 జూన్ నుంచి అలాంటివాళ్లు యూజీసీ నెట్ అర్హత పరీక్ష కూడా రాయొచ్చు. మీ కాలేజీలో ఆ సబ్జెక్టుకు పరిశోధన చేయించగల అధ్యాపకులు, పనిచేసే ల్యాబ్ ఉంటేనే ఆ ఏడాది చేయండి. లేకపోతే మూడేళ్లకు బయటికొచ్చి మంచి క్యాంపస్‌లో రెండేళ్ల పీజీ చేయడమే నయం.

ప్రశ్న: బీటెక్ అయింది. జేఎన్‌టీయూ అనంతపురంలో ఎంటెక్‌కు గేట్ తప్పనిసరా?
— కడప

జాతీయ స్థాయి పరీక్ష అయిన గేట్ తప్పనిసరి కాదు, రాష్ట్ర పరీక్ష ఏపీ పీజీఈసెట్‌తోనూ చేరొచ్చు. దాంట్లో 120 ప్రశ్నలు, రెండు గంటలు. సీట్లు ముందు గేట్ వాళ్లకు ఇచ్చి, మిగిలినవి పీజీఈసెట్ వాళ్లకు ఇస్తారు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. గేట్‌తో చేరినవాళ్లకు ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. ఆ రెండేళ్ల డబ్బు లెక్కేసుకుంటే గేట్ ఒకసారి రాసి చూడటమే మంచిది.

ప్రశ్న: రాయలసీమ యూనివర్సిటీ కింద డిగ్రీ చేసి ఎస్కేయూలో (శ్రీకృష్ణదేవరాయలో) చేరుతున్నాను. మైగ్రేషన్ ఎక్కడ ఇస్తారు?
— నంద్యాల

మైగ్రేషన్ అంటే వేరే యూనివర్సిటీకి మారేందుకు ఇచ్చే సర్టిఫికెట్. అది డిగ్రీ ఇచ్చిన యూనివర్సిటీలోనే, అంటే మీకు కర్నూలులో. టీసీ మాత్రం కాలేజీలో ఇస్తారు. సీటు ఖరారయ్యాక టీసీ తీసుకుని, ప్రొవిజనల్, మెమోల నకళ్లతో మైగ్రేషన్‌కు ఫీజు కట్టండి. టీసీ, మైగ్రేషన్ కొత్త కాలేజీకి ఒరిజినల్‌గానే ఇచ్చేయాలి, కాబట్టి ముందే మూడేసి జిరాక్సులు, ఫోన్‌లో ఒక స్కాన్ పెట్టుకోండి. అదే చేత్తో తొమ్మిదో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా వరుసగా ఉన్నాయో లేదో చూసుకోండి. హైస్కూలు కాగితం ఒక్కటి తగ్గినా వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది.